గ్యాస్ అయిపోయిన మూడు రోజులు: కరెంటు కుక్కరు, కెటిల్, మిక్సీతో ఇంటి వంట ఎలా చేయాలి

శనివారం సాయంత్రం ఏడున్నరకి మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. ప్రెషర్ కుక్కర్లో కందిబ్యాళ్లు రెండో విజిల్ దగ్గరే ఆగిపోయాయి. అదే రోజు మధ్యాహ్నం పులివెందుల నుంచి మా అవ్వ వచ్చింది. రాత్రికి సంగటి చేస్తానని నేనే మాటిచ్చాను. అనంతపురంలో మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు, ఉన్నది ఒకటే సిలిండర్. బుక్ చేస్తే మంగళవారం వస్తుందన్నారు. బయట నుంచి తెప్పిద్దామా అంటే అవ్వ షుగర్ మాత్రలు వేసుకునే మనిషి, హోటల్ అన్నం రెండు పూటలు తింటే ఒంటికి పడదు.

ఇంట్లో ఏమున్నాయో చూసుకున్నాను. 1.8 లీటర్ల కరెంటు కుక్కరు, కెటిల్, మిక్సీ, ఇస్త్రీ పెట్టె. ఇండక్షన్ స్టవ్ లేదు. వీటితోనే మంగళవారం దాకా మూడు పూటలా వంట చేశాను. రెండు చోట్ల పొరపాటు చేశాను కూడా. మీకూ ఇలాంటి రోజు వస్తుంది, రాకుండా ఉండదు. అందుకే ఏం చేయాలో, ఏం చేయకూడదో వరసగా రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం మొదటి నుంచీ గుర్తుపెట్టుకోండి. కుక్కరు, కెటిల్ లాంటి వాటికి ఎక్కడ ఆగాలో చెప్పే ఏర్పాటు లోపల ఒకటి ఉంటుంది. అది ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే దాంట్లో ఏది ఉడుకుతుందో, ఏది ఉడకదో మీకే తెలిసిపోతుంది.

ముందు గ్యాస్ నిజంగా అయిపోయిందా చూడండి

మంట సన్నబడగానే అయిపోయిందనుకోవద్దు. రెగ్యులేటర్ సరిగ్గా కూర్చుందా, ట్యూబు ఎక్కడైనా మడత పడిందా, బర్నర్ రంధ్రాల్లో పాలు పొంగి గట్టిపడ్డాయా చూడండి. తర్వాత తడిగుడ్డతో సిలిండర్‌ని పైనుంచి కింద దాకా ఒకసారి తుడవండి. ఖాళీగా ఉన్న భాగం తొందరగా ఆరిపోతుంది, లోపల ద్రవం ఉన్నంత మేర తడి ఇంకాసేపు నిలుస్తుంది. ఆ గీత ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. అసలు ఈ పని నెలలో రెండుసార్లు చేస్తే ఈ టెన్షన్ ఉండదు.

చివరి గ్యాస్ కోసమని సిలిండర్‌ని పడుకోబెట్టేవాళ్లు, వేడినీళ్ల బేసిన్‌లో నిలబెట్టేవాళ్లు మన వీధుల్లో చాలామందే ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. నిలబడి ఉన్న సిలిండర్‌లో పైన ఆవిరి, కింద ద్రవం ఉంటాయి, స్టవ్‌కి రావలసింది ఆవిరి మాత్రమే. పడుకోబెడితే ద్రవమే ట్యూబులోకి వచ్చేస్తుంది. ద్రవం ఆవిరైతే చాలా రెట్లు పెరుగుతుంది, మంట ఒక్కసారిగా మీదికి లేస్తుంది. పది నిమిషాల వంట కోసం అంత ప్రమాదం తెచ్చుకోకూడదు.

సగం ఉడికిన పప్పు సంగతి చెప్తాను. ప్రెషర్ కుక్కర్ మూత తీయకండి. లోపలి వేడికి ఇంకో ఇరవై నిమిషాలు అది దానంతటదే ఉడుకుతుంది. ఆవిరి పూర్తిగా దిగాక తీసి చూస్తే బద్ద వేళ్ల మధ్య నలగాలి. నా పప్పు ముక్కాలు వంతు ఉడికింది. మిగిలిన పని కరెంటు కుక్కరు చేసింది.

ప్లగ్గు పెట్టే ముందు చిన్న లెక్క

ఇక్కడే నేను మొదటి పొరపాటు చేశాను. ఆదివారం పొద్దున కుక్కరునీ, కెటిల్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టాను. పది నిమిషాలకి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే కెటిల్ పిన్ను పెట్టిన రంధ్రం చుట్టూ తెల్లటి బాక్సు టీ మరక పడినట్టు గోధుమరంగుకి తిరిగింది. చెయ్యి పెడితే కాలింది. మెయిన్ ఆపి, అంతా చల్లారాక బాక్సుని పారేశాను.

లెక్క చాలా తేలిక. వస్తువు అడుగున రాసిన వాట్లని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 700 వాట్ల కుక్కరుకి 3 ఆంపియర్లు, 1500 వాట్ల కెటిల్‌కి ఆరున్నర, 2000 వాట్ల ఇండక్షన్‌కి దాదాపు 9. గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, ఫ్రిజ్‌కీ గీజర్‌కీ పెట్టే పెద్దది 16 ఆంపియర్లది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి రంధ్రాలు నాలుగున్నా అన్నిటికీ కలిపి వచ్చేది ఒక్క వైరే, దాని మీద రాసిన ఆంపియర్లే మొత్తానికి హద్దు. నేను 6 ఆంపియర్ల బాక్సులో తొమ్మిదిన్నర పెట్టాను.

కాబట్టి కెటిల్, ఇండక్షన్ లాంటివి గోడకున్న పెద్ద సాకెట్‌కే పెట్టండి. కుక్కరుని వేరే సాకెట్‌కి పెట్టండి. పెద్ద పిన్నుని చిన్న సాకెట్లో దూర్చే అడాప్టర్లు అంగట్లో దొరుకుతాయి కానీ వేడి వస్తువులకి అవి వద్దు. ప్లగ్గు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు చేతులు తుడుచుకోండి, కాళ్లకి చెప్పులు ఉండనివ్వండి.

కరెంటు కుక్కరు ఎట్లా ఆగుతుంది

లోపలి గిన్నె బయటికి తీసి చూడండి. వేడయ్యే పళ్లెం మధ్యలో గుండ్రటి బొడిపె ఒకటి స్ప్రింగు మీద నిలబడి ఉంటుంది. వేలితో నొక్కితే కిందికి దిగి మళ్లీ లేస్తుంది. దాని లోపల అయస్కాంతం ఉంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. నీళ్లు ఇంకిపోగానే అది దాటుతుంది. ఆ వేడికి లోపలి లోహం అయస్కాంతానికి అతుక్కునే గుణం పోగొట్టుకుంటుంది, స్ప్రింగు దాన్ని తోసేస్తుంది, స్విచ్ 'టక్' మని పైకి లేస్తుంది.

అంటే కుక్కరుకి టైము తెలియదు, అన్నం ఉడికిందో లేదో తెలియదు. నీళ్లు ఉన్నాయా, అయిపోయాయా అన్నది ఒక్కటే తెలుసు. నీళ్లతో ఉడికేవి ఏవైనా ఇందులో అవుతాయి: అన్నం, పులగం, పప్పు, ఆలుగడ్డలు, కోడిగుడ్లు, ఇడ్లీలు, చివరికి సంగటి కూడా. పొడిగా వేగాల్సినవి కావు. బుడ్డలు (వేరుశనగలు) వేయించబోతే రెండు నిమిషాలకే స్విచ్ లేచిపోతుంది. అది లేవకుండా పుల్ల అడ్డం పెట్టేవాళ్లని, దారంతో కట్టేవాళ్లని చూశాను. అట్ల కడితే ఆ కుక్కరుకి ఇక ఆగడమన్నది ఉండదు, ఇల్లు కాలే పని అది.

ఇంకో రెండు జాగ్రత్తలు. గిన్నె లోపల పెట్టే ప్రతిసారీ బయటివైపు పొడిగుడ్డతో తుడవండి. ఆ పళ్లెం మీద ఒక్క అన్నం మెతుకు పడి ఉన్నా గిన్నె ఒరిగి కూర్చుంటుంది, బొడిపెకి సరిగ్గా తగలదు. అప్పుడు ఒకవైపు మాడుతుంది, ఒకవైపు పలుకుగా ఉంటుంది. చాలామంది కుక్కరు చెడిపోయిందని షాపుకి తీసుకెళ్తారు కానీ కారణం చాలాసార్లు ఆ మెతుకే. అట్లాగే మూత పక్క నుంచి గంజి పొంగి కారుతుంటే బియ్యం ఇంకోసారి కడగండి, అర చెంచా నూనె వేయండి, గిన్నెలో సగానికి మించి నింపకండి.

సంగటి

ఇది కొంచెం వివరంగా రాస్తాను. రాయలసీమ ఇళ్లలో గ్యాస్ లేకపోయినా సంగటి లేకుండా జరగదు. పైగా కరెంటు కుక్కర్లో కాదని చాలామంది గట్టిగా నమ్ముతారు. మా అవ్వ కూడా మంచం మీద నుంచే అంది: "కరెంటు కుక్కర్లో సంగటి యాడన్నా అవుతుందా పాపా? గెలికేకి అడుగు గట్టిగుండాల."

అవ్వ మాటలోనే అసలు చిక్కు ఉంది. సంగటి గెలకాలంటే బలం పెట్టాలి. కుక్కరు గిన్నె పలచన, కింద స్ప్రింగు. లోపల పెట్టి గెలికితే బొడిపె వంగిపోతుంది, గిన్నె సొట్టపడుతుంది. అందుకే గెలికే పని బయట చేయాలి.

ముగ్గురికి కొలత: బియ్యం అర గ్లాసు, రాగిపిండి ఒక గ్లాసు, నీళ్లు మూడు గ్లాసులు, ఉప్పు అర చెంచా. నూకలుంటే బియ్యం కన్నా అవే మంచివి.

1. బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. కెటిల్‌లో కాచిన మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు కలిపి కుక్కరు ఆన్ చేయండి. వేడినీళ్లు పోస్తే పది నిమిషాలు కలిసొస్తుంది.

2. పావుగంట తర్వాత మూత తీసి చూడండి. మెతుకు మెత్తగా నలగాలి, పైన గంజి ఇంకా నిలబడి ఉండాలి. స్విచ్ లేచేదాకా ఆగొద్దు. అప్పటికి నీళ్లు అయిపోతాయి, పిండికి మిగలవు.

3. ఆ గంజిలో అర గ్లాసు తీసి పక్కన పెట్టుకోండి. ఈ మాట అవ్వ చెప్పింది. చివర్లో గట్టిపడితే సర్దుకోవడానికి ఇదే దిక్కు. చన్నీళ్లు పోస్తే పిండి ఉండలు కడుతుంది.

4. రాగిపిండిని మధ్యలో గుట్టగా పోయండి. కలపొద్దు. గరిటె కాడతో గుట్ట మధ్యలో అడుగు దాకా ఒక రంధ్రం చేయండి, ఉడుకుతున్న గంజి దాంట్లోంచి పైకి ఎగదన్నుతుంది. మూత పెట్టండి.

5. మూడు నాలుగు నిమిషాలకి స్విచ్ లేస్తుంది. కంగారు పడొద్దు. అడుగున చిక్కబడింది కాబట్టి నీళ్లు అయిపోయాయని కుక్కరు అనుకుంటుంది. ఐదు నిమిషాలు వార్మ్‌లోనే (స్విచ్ లేచాక ఉండే సన్నవేడిలో) వదిలేసి మళ్లీ నొక్కండి. ఇలా రెండుసార్లు చేస్తే పిండి పచ్చివాసన పోతుంది.

6. ప్లగ్గు తీసేయండి. గుడ్డతో పట్టుకుని గిన్నెని బయటికి తీసి, నేల మీద తడిగుడ్డ పరిచి దాని మీద పెట్టండి. కూర్చుని రెండు పాదాల మధ్య గుడ్డ అడ్డం పెట్టి గిన్నెని అదిమి పట్టుకోండి, లేదా ఇంకొకరిని పట్టుకోమనండి. చెక్క తెడ్డుతోనే గెలకండి. స్టీలు గరిటె వాడితే గిన్నె పూత లేచిపోతుంది. పక్క నుంచి మధ్యకి, కింది నుంచి పైకి, పొడిపిండి ఎక్కడా కనపడనంత వరకు.

7. గిన్నె బయటివైపు తుడిచి మళ్లీ కుక్కర్లో పెట్టి, మూతేసి ఐదు నిమిషాలు వార్మ్‌లో ఉంచండి. తర్వాత చెయ్యి తడి చేసుకుని ముద్దలు చేయండి. తడిచేతికి అంటకపోతే ఉడికినట్టు.

ఆ రాత్రి తొమ్మిదింపావుకి సంగటి ముద్ద తట్టలో పెట్టి మధ్యలో గుంత చేసి నెయ్యి వేశాను. అవ్వ ఒక చిన్న ముక్క తుంచి, వేళ్లతో నలిపి చూసి, "పిండి బాగనే ఉడికింది. ఇంగ కొంచెం గెలకాల్సింది మే" అంది. మరుసటి రోజు ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ గెలికాను, ఏ వంకా పెట్టలేదు.

పప్పు, మన బోరు నీళ్లు

ప్రెషర్ కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. కరెంటు కుక్కరు 100 దాటదు. కందిబ్యాళ్లు అందుకే గంట పట్టినా పట్టవచ్చు. గ్యాస్ లేని రోజుల్లో పెసరపప్పే మంచి దారి, అరగంటలోపే మెత్తబడుతుంది. కందిబ్యాళ్లే కావాలంటే వేడినీళ్లలో రెండు గంటలు నానబెట్టండి.

అయినా పప్పు ఉడకట్లేదంటే కారణం నీళ్లలో వెతకండి. మన జిల్లాల్లో బోరు నీళ్లు చాలా చోట్ల చవుడుగా, సున్నం నీళ్లలా ఉంటాయి. కెటిల్ అడుగున తెల్లగా పెచ్చుకడుతుంది చూడండి, అదే సున్నం. నీళ్లలోని ఆ కాల్షియం పప్పు బద్దని గట్టిపరుస్తుంది, ఎంతసేపు ఉడికించినా బద్ద బద్దగానే ఉంటుంది. పప్పుకి మాత్రం తాగే క్యాన్ నీళ్లు వాడండి. మొదటిసారి నేనూ నమ్మలేదు. ఆదివారం బోరు నీళ్లతో, సోమవారం క్యాన్ నీళ్లతో అదే కొలత పప్పు పెట్టి చూశాను. రెండోది పప్పుగుత్తితో రెండుసార్లు తిప్పేసరికి వెన్నలా అయింది. క్యాన్ నీళ్లు లేకపోతే చిటికెడు వంటసోడా వేయండి, చిటికెడే, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

పులుపు సంగతి కూడా ఇంతే. టమాట, చింతపండు, గోంగూర పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే బద్ద ఉడకదు. ప్రెషర్ కుక్కర్లో అన్నీ కలిపి పెట్టే అలవాటు మనకి ఉంది, ఆ వేడి వల్ల అక్కడ సాగిపోతుంది. ఇక్కడ సాగదు.

కెటిల్‌లో పట్టిన పెచ్చు పోవాలంటే దాని నిండా నీళ్లు పోసి, రెండు నిమ్మకాయల రసం పిండి కాచండి. అరగంట వదిలేసి పారబోసి కడగండి. గరిటెతో గీకొద్దు.

పులగం, దాని మీదే ఊరుబిండి సామాను

గ్లాసు బియ్యం, మూడోవంతు గ్లాసు పొట్టు పెసరపప్పు, మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు, జీలకర్ర, నలగ్గొట్టిన మిరియాలు. స్విచ్ నొక్కితే పులగం అదే అవుతుంది. చెప్పాల్సింది దాని మీద పెట్టే గిన్నె గురించి, ఊరుబిండి అనే బరక పచ్చడికి కావలసినవి దాంట్లోనే మగ్గుతాయి. నీళ్లు ఇంకి బియ్యం పైకి తేలాక, చిన్న స్టీలు గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు టమాటలు, కొంచెం చింతపండు వేసి పులగం మీద మెల్లగా కూర్చోబెట్టి మూతేయండి. పులగం మగ్గేలోపు ఆవిరికి అవీ మగ్గిపోతాయి.

వాటిని పూర్తిగా చల్లారనివ్వండి. వేడివి మిక్సీలో వేస్తే లోపల ఆవిరి పుట్టి మూతని ఎగదన్నుతుంది, ఆ కారం మొహం మీదే పడుతుంది. చల్లారాక ముందు మిరపకాయలు, ఉప్పు, చింతపండు, రెండు తెల్లగడ్డ రెబ్బలు తిప్పండి. తర్వాత అంగట్లో కొన్న వేయించిన బుడ్డలు రెండు గుప్పెళ్లు, టమాటలు. మిక్సీ మీటని ఎడమవైపు ఆగి ఆగి తిప్పి వదిలేయండి. ఆపకుండా తిప్పితే అది చట్నీ అవుతుంది, ఊరుబిండి కాదు. పంటికి పలుకు తగలాలి. ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ముక్కలు చివర్లో వేసి ఒక్క తిప్పు చాలు.

నడుస్తూ నడుస్తూ మిక్సీ ఆగిపోతే భయపడొద్దు. బరువు ఎక్కువైంది, మోటారు కాలిపోకుండా లోపలి మీట పడిపోయింది. ప్లగ్గు తీసి, మిక్సీని బోర్లించి చూస్తే అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. జార్‌లో సగం తీసేయండి, పావుగంట చల్లారనివ్వండి, బటన్ నొక్కి మళ్లీ పెట్టండి.

తిరగవాత చిక్కు, ఉగ్గాని

కరెంటు కుక్కర్లో తిరగవాత బాగా రాదు. నూనె కాగి ఆవాలు చిటపటమనేలోపే చాలాసార్లు స్విచ్ లేచిపోతుంది. పప్పుకి నేను చేసింది ఇది: జీలకర్ర, దంచిన తెల్లగడ్డ పప్పుతోపాటే ఉడికించి, దించాక చెంచా నెయ్యి, తుంచిన కరివేపాకు వేసి మూతేశాను. తిరగవాత కాదది, కానీ అన్నంలోకి బాగుంది.

ఎర్రగడ్డ, టమాట మాత్రం బాగా మగ్గుతాయి, వాటిలో నీళ్లున్నాయి కదా. అందుకే పొద్దున టిఫిన్‌కి బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గానిని మించింది లేదు. గిన్నెలో మూడు చెంచాల నూనె, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు, కచ్చాపచ్చాగా నూరిన నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, ఒక టమాట వేసి మూతపెట్టి నొక్కండి. మధ్యలో స్విచ్ లేస్తే రెండు చెంచాల నీళ్లు చల్లి, రెండు నిమిషాలాగి మళ్లీ నొక్కండి. ఈలోపు బొరుగులు నీళ్లలో వేసి, మెత్తబడగానే గుప్పిటతో గట్టిగా పిండి పక్కన పెట్టండి. పిండడం సరిగ్గా రాకపోతే ఉగ్గాని ముద్దవుతుంది. గుప్పిట విప్పితే బొరుగులు విడివిడిగా రాలాలి, అదీ గుర్తు. గిన్నె బయటికి తీసి, బొరుగులు, నాలుగు చెంచాల పప్పుల (పుట్నాల) పొడి వేసి కలిపి నిమ్మకాయ పిండండి. ఉగ్గానితో తినే బజ్జీ మాత్రం గ్యాస్ వచ్చేదాకా ఆగాల్సిందే.

కెటిల్‌తో ఎంతవరకు

కెటిల్ ఆవిరితో ఆగుతుంది. నీళ్లు మరిగి ఆవిరి పైనుంచి సన్న దారిలో వెళ్లి స్విచ్ దగ్గరి రేకుకి తగిలితే, ఆ రేకు వంగి స్విచ్ పడిపోతుంది. మూత తెరిచి పెడితే ఆవిరి అటు పోదు, కెటిల్ ఆగదు. ఎప్పుడూ మూత వేసే కాచండి.

పాలు కాచొద్దు. ఆవిరి వచ్చేలోపే పొంగి కింది కరెంటు దిమ్మ మీదికి కారతాయి, అడుగున మాడి పట్టుకుంటాయి. పాలని స్టీలు గిన్నెలో పోసి, కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్ల మధ్య పెట్టి కాచండి. పొంగవు, మాడవు, కొంచెం టైము పడుతుంది. కోడిగుడ్లు కెటిల్‌లో అవుతాయి: బాగా కడిగి, మునిగేలా నీళ్లు పోసి, మరిగి ఆగాక మూత తీయకుండా పావుగంట వదిలేయండి. తర్వాత కెటిల్‌ని తోమండి.

బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్డుతో వండటం, ఇస్త్రీ పెట్టెని తిప్పి దాని మీద రొట్టె కాల్చడం హాస్టల్ పిల్లలు చేస్తుంటారు. మీ పిల్లలు బయట ఊళ్లో చదువుకుంటుంటే ఈ మాట ఫోన్ చేసి చెప్పండి. రాడ్డు పెట్టిన గిన్నెలో గరిటె తిప్పితే షాక్ కొట్టి ప్రాణమే పోవచ్చు. ఇస్త్రీ పెట్టె బోర్లిస్తే నిలబడదు, వైరు వేడి పళ్లేనికి తగిలి కాలుతుంది. ఒక పూట బొరుగులు తిని పడుకున్నా పర్వాలేదు.

వండేటప్పుడు కరెంటు పోతే, చెయ్యి కాలితే, అడుగంటితే

కరెంటు పోతే మూత తీయకండి. ప్లగ్గు తీసి, కుక్కరు చుట్టూ మందపాటి తువాలు చుట్టండి. సగం పైగా ఉడికిన అన్నం ఆ వేడికే అవుతుంది. స్విచ్ నొక్కి ఉన్న కుక్కరు, కరెంటు రాగానే తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. ప్లగ్గు తీయకుండా తాళం వేసి బయటికి వెళ్లొద్దు.

చెయ్యి కాలితే, ఆవిరికైనా గంజికైనా, వెంటనే పారే నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టండి. ఇక్కడ నా రెండో పొరపాటు. సోమవారం మధ్యాహ్నం పులగం మూత తీస్తుంటే ఆవిరి మణికట్టుకి కొట్టింది. కుళాయి కింద పెడితే మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు వెచ్చగా వచ్చాయి. ఎండాకాలం అనంతపురంలో పగలు కుళాయి నీళ్లు అట్లాగే ఉంటాయి, నాకు ఆ క్షణాన తట్టలేదు. అవ్వ కుండలోంచి చెంబుతో ముంచి ధారగా పోసింది, మంట అప్పుడు తగ్గింది. కుండ నీళ్లు గానీ క్యాన్ నీళ్లు గానీ వాడండి. ఐస్ వద్దు. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ రాయొద్దు. బొబ్బ పెద్దదైతే, మొహానికి తగిలితే, చిన్నపిల్లలైతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కుక్కరు మూత తీసేటప్పుడు మీకు దూరంగా ఉన్న అంచు ముందు పైకెత్తండి, ఆవిరి అటువైపు పోతుంది.

పప్పు అడుగంటిన వాసన రాగానే గరిటె పెట్టి కలపొద్దు. పైపైన ఉన్నదాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకుంటే మాడు వాసన దానికి పట్టదు. అడుగు మాడిన గిన్నెలో నీళ్లు, చెంచా వంటసోడా వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దుటికి పెచ్చు లేచి వస్తుంది.

సిలిండర్ వచ్చాక

తెచ్చిన మనిషి వెళ్లిపోకముందే రెండు చూసుకోండి. తూకం వేయమనండి: సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే మొత్తం రావాలి. తర్వాత సీలు తీయించి, నోటి లోపల చిన్న రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. అది పోయినా, చీలినా గ్యాస్ కారుతుంది.

రెగ్యులేటర్ బిగించాక సబ్బు నురుగు చేత్తో తీసుకుని దాని చుట్టూ, ట్యూబు రెండు చివర్లా రాయండి. బుడగలు పెరుగుతుంటే లీకేజీ ఉన్నట్టు. అగ్గిపుల్ల గీసి చూడటం ఎప్పుడూ వద్దు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపండి, తలుపులు కిటికీలు తెరవండి, లైటు స్విచ్ వేయొద్దు, ఆర్పొద్దు. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది కాబట్టి కింద నిద్రపోతున్న పిల్లల్ని ముందు బయటికి తీసుకెళ్లండి. బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి, దేశమంతటికీ గ్యాస్ లీకేజీ నంబరు అదే.

మంగళవారం పదకొండింటికి మా సిలిండర్ వచ్చింది. నురుగు రాసి చూస్తే బుడగలు రాలేదు. స్టవ్ వెలిగించి, చిన్న బాణలిలో నూనె కాచి, ఆవాలు, వొట్టిమిరపకాయలు, దంచిన తెల్లగడ్డ వేసి, అప్పుడే కుక్కరు నుంచి దించిన పెసరపప్పులో తిరగవాత పెట్టాను. హాల్లోంచి అవ్వ, "ఆ, ఇప్పుడొచ్చింది పప్పు వాసన" అంది.